ఎవరి తాలూకా?

మా మావయ్యకి విజయనగరం గంటస్తంభం దగ్గర హోల్‌సేల్ కిరాణా కొట్టు ఉంది. ఆ కొట్టు ఖాతాలన్నీ పద్దు పుస్తకాల్లోంచి కంప్యూటర్లోకి ఎక్కించిన పుణ్యం నాది. అప్పుడే మావయ్య ఒక మాట అన్నాడు.

"పేరు పక్కన ‘ఎవరి తాలూకా’ అని ఒక గడి పెట్టరా."

"ఫోన్ నంబరు ఉంది కదా మావయ్యా, చాలు."

"ఏటి చాలు? పైడితల్లమ్మ పేరు పెట్టుకున్న పైడిరాజులే మనకి పదకొండు మంది. ఫోన్లు మారుస్తారు గానీ తాలూకా మారదు కదా."

బయటి ఊళ్లవాళ్లకి చెప్పాలి. మా వైపు తాలూకా అంటే రెవెన్యూ వాళ్ల లెక్క కాదు. నువ్వు ఎవరి మనిషివి, ఏ ఇంటివాడివి అని. పెళ్లి భోజనాల్లో కూర్చున్నా, ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నా పక్కనున్న పెద్దాయన ముందు అడిగేది అదే. నేను నవ్వేసి, డేటాబేస్ డిజైన్ మీద చిన్న ఉపన్యాసం ఇచ్చి, గడి పెట్టకుండానే శ్రీకాకుళం వచ్చేశాను.

కొట్టులో ఉబుంటు అనే లినక్స్ వేసిన పాత కంప్యూటరు, అందులో ఖాతాలు దాచే డేటాబేస్ మైసీక్వెల్. దాని తలుపు నంబరు, అంటే పోర్టు, 3306. ఆ తలుపుని నేరుగా ఇంటర్నెట్ వైపు తెరిస్తే దారినపోయే ప్రతివాడూ వచ్చి గొళ్లెం కదుపుతాడు కాబట్టి, మధ్యలో వీపీఎన్ వేశాను, అంటే మనవాళ్లు మాత్రమే వచ్చే చాటు దారి. అంత జాగ్రత్తపరుణ్ణి, దూరం నుంచి ఆ కంప్యూటర్ని నడిపించే ఎస్‌ఎస్‌హెచ్ పెట్టడం మాత్రం మరిచిపోయాను. అంటే ఆ కంప్యూటర్లో ఏ సెట్టింగు మార్చాలన్నా ఇక మావయ్య వేళ్లే గతి.

పైడితల్లమ్మ జాతరలో తొలేళ్ల సోమవారం మావయ్య ఫోన్ చేశాడు. మర్నాడు సిరిమానోత్సవం, ఊరంతా జనం, కొట్టు కిటకిట. "బాకీలెంతున్నాయో అక్కణ్నుంచి చూస్తానన్నావు కదా, బేగి చూసి చెప్పు."

చూడబోయాను. ‘ఉన్నావా’ అని అడిగే పింగ్ వెళ్తోంది, జవాబు వస్తోంది. మైసీక్వెల్ మాత్రం చాలాసేపు నోరు మూసుకుని, చివరికి 2003 అని తప్పు చూపించి, పక్కన 110 అని వేసింది. ఈ పక్కనున్న అంకెని చాలామంది చూడరు. 110 అంటే తలుపు కొట్టాం, ఎవరూ పలకలేదు. 111 అంటే ఎవరో పలికి ‘పో’ అన్నారు. మొదటిది చాలావరకు ఫైర్‌వాల్ పని, అంటే కంప్యూటర్ గుమ్మంలో కాపలావాడు. పింగ్‌ని రానిస్తుంది, 3306ని వీధిలోనే మింగేస్తుంది.

"మావయ్యా, నల్లటి తెర తెరిచి సుడో అని కొట్టు."

"సూస్తన్నాన్రా. ఏటి కొట్టాలో చెప్పు."

"చూడమనట్లేదు. ఎస్, యు, డి, ఓ." యజమాని హోదాలో ఆజ్ఞ ఇవ్వడానికి ముందు కొట్టే మాట అది.

కొట్టాడు. పాస్‌వర్డ్ అడిగింది. "కీబోర్డు చచ్చిపోయిందిరా, ఎంత నొక్కినా ఒక్క చుక్క కూడా పడదు!" ఆ పాత ఉబుంటులో పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనిపించవని నమ్మించడానికి పది నిమిషాలు. ఈలోపు ఎవరో పావు బస్తా పంచదార అడిగి వెళ్లిపోయారట. ఆ బేరం నా ఖాతాలో రాశాడు.

ఫైర్‌వాల్‌లో 3306కి దారి ఇచ్చాక 110 పోయి 111 వచ్చింది. నేను సంబరపడ్డాను. పలకని వాడికంటే తిట్టేవాడు నయం కదా. ఉబుంటులో మైసీక్వెల్‌ని వేస్తే అది మొదట్లో 127.0.0.1 మీద మాత్రమే వింటుంది. అంటే సొంత ఇంట్లోవాళ్లు పిలిస్తేనే పలుకుతుంది. ఎటు నుంచి పిలిచినా పలకాలంటే సెట్టింగుల ఫైలులో బైండ్ అడ్రస్ అన్న వరుసలో అంకెలు మార్చాలి.

"సున్నా, చుక్క, సున్నా, చుక్క, సున్నా, చుక్క, సున్నా."

వెనక నుంచి అత్తయ్య గొంతు: "ముగ్గేటి, నాలుగు సున్నాలూ మూడు చుక్కలూనా?"

"సున్నా ఇంత చిన్నగా పడిందేటిరా?" అన్నాడు మావయ్య.

"ఫాంటు అలాగే ఉంటుంది మావయ్యా" అన్నాను. నా చదువు అక్కడ ఏడ్చింది.

సర్వీసు రీస్టార్ట్ చేయించాను. మైసీక్వెల్ ఆగింది, మళ్లీ లేవలేదు. దాంతో బిల్లింగు కూడా ఆగింది. సిరిమాను, అంటే ఉత్సవంలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఇక్కడ అరగంటలో నేను ఆ ఫైలుకీ, తప్పులు రాసుకునే ఎర్రర్ లాగ్‌కీ మధ్య మావయ్యని అంతకంటే ఎక్కువసార్లే తిప్పాను. ఫోన్లో పైడిరాజులు, అప్పలరాజులు అరుస్తున్నారు. అత్తయ్య అటక మీద నుంచి పాత పద్దు పుస్తకం దింపి, పెన్సిల్ చెక్కి, బిల్లులు రాయడం మొదలుపెట్టింది. కొట్టు చక్కగా నడిచింది. అది నాకు ఇంకా బాధ.

చివరికి అనుమానం వచ్చి అడిగాను. "నువ్వు ఏ సున్నా నొక్కావు?"

"పి అక్షరం పక్కన గుండ్రంగా ఉంది కదా, అదే."

నాలుగు ‘ఓ’లు! అలాంటి పేరుగల యంత్రం ఎక్కడుందో తెలియక మైసీక్వెల్ మంచం దిగలేదు. అసలు సున్నాలు పడ్డాక లేచింది. ఈసారి కొత్త నంబరు వచ్చింది: 1130.

"ఏటంటుందిరా?"

"ఈ చోటి నుంచి వచ్చేవాళ్లకి ప్రవేశం లేదంటోంది."

"నీ పేరు రాసుంది కదా అందులో?"

"ఉంది. కానీ దానికి పేరొక్కటే చాలదు మావయ్యా. పేరూ, ఎక్కణ్నుంచి వచ్చాడన్నదీ కలిపితేనే మనిషి. నేను ఆ కంప్యూటర్లోనే ఉన్నవాడిలాగా రాసుకుంది. వీపీఎన్ వైపు నుంచి వస్తే నేనెవరో దానికి తెలీదు."

అవతల కాసేపు నిశ్శబ్దం. పంచదార తూచే చప్పుడు మాత్రం వినిపించింది.

"అంటే తాలూకా అడుగుతంది."

నేను మాట్లాడలేదు.

"మనవైపోడేరా ఇది!" అని కొట్టులో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా చెప్పాడు.

అప్పుడే సరుకు దింపి వచ్చిన కొట్టు కుర్రాడికి మిగతా వరుసలు వాట్సాప్‌లో పంపాను. పేరు పక్కన 10.8.0.% అని రాశాడు, అంటే మా వీపీఎన్ వీధిలోంచి వస్తే రానివ్వమని. ఒట్టి శాతం గుర్తు పెడితే ఏ ఊరి నుంచి వచ్చినా పర్వాలేదని అర్థం. అంత ఉదారం కిరాణా కొట్టుకి తగదు. వాడు ఇంటర్ చదువుతున్నాడు, నాలుగు నిమిషాల్లో పని పూర్తిచేశాడు.

ఆ రాత్రి నేను శ్రీకాకుళం నుంచే, ఎవరికీ చెప్పకుండా, పట్టికలో కొత్త గడి చేర్చాను. బిల్లింగు తెర పట్టికలో ఉన్న గడులన్నీ చూపిస్తుంది కాబట్టి అక్కడా కనిపిస్తుంది. మర్నాడు పొద్దున్నే తెరిచి చూస్తే అప్పటికే ఒక వరుస నింపి ఉంది. పైడిరాజుది కాదు. నా పేరు, కిందటిసారి వచ్చినప్పుడు పట్టుకెళ్లిన బెల్లం, నువ్వులు, దాని పక్కన నిన్న పోయిన పావు బస్తా పంచదార. తాలూకా గడిలో: మా చెల్లి.