‘రెండు దేశాల దీవులు పదే’ అన్న పోస్టులో తప్పులు ఇవీ

పోటీ పరీక్షల వాట్సాప్ గ్రూపుల్లో, జీకే వీడియోల్లో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారం ఇది: ఒకటికంటే ఎక్కువ దేశాలు పంచుకున్న దీవులు ప్రపంచంలో పదే. వాటిలో చిన్నది సెయింట్ మార్టిన్, దాన్ని ఇద్దరు మనుషులు నడిచి పంచారు. మూడు దేశాలున్నది బోర్నియో ఒక్కటే. ఈ గీతలన్నీ వలస పాలకులు స్కేలు పెట్టి గీసినవి, ఆ తర్వాత మారలేదు. సైప్రస్‌లో రెండు దేశాలున్నాయి. ఐర్లాండ్‌లో సరిహద్దు పేరుకే, ఎవరైనా దాటొచ్చు. మన దేశానికి ఇలాంటి గొడవ లేదు.

వీటిలో నిలబడేది బోర్నియో మాట ఒక్కటే. మిగతావాటితో పరీక్షలో ఒక మార్కు పోతే పోయింది, ఐర్లాండ్ మాట నమ్మిన విద్యార్థికి మాత్రం ఇమ్మిగ్రేషన్ రికార్డే పాడవుతుంది. అందుకే ఒక్కో మాటా విడిగా చూద్దాం.

‘పదే ఉన్నాయి’

పోస్టులోని పది పేర్లు న్యూగినీ, బోర్నియో, ఐర్లాండ్, హిస్పానియోలా, టియెర్రా డెల్ ఫ్యూగో, టిమోర్, సైప్రస్, సెబాటిక్, ఉసెడోమ్, సెయింట్ మార్టిన్. ఇవి సముద్రంలో ఉన్న, పటంలో సులువుగా కనిపించే దీవులు. అంతేగాని పూర్తి జాబితా కాదు. కెనడా, డెన్మార్క్ రాజ్యం 2022 జూన్ 14న పంచుకున్న హాన్స్ దీవి ఇందులో లేదు. ఫిన్లాండ్, స్వీడన్ల మధ్య ఉన్న మార్కెట్ అనే రాతిదిబ్బ, కటాయా అనే దీవి లేవు. ఫిన్లాండ్, రష్యాల మధ్య ఉన్న కోయిలుఓటో లేదు.

నదులు, సరస్సుల దీవులు కలిపితే సంఖ్య ఇంకా పెరుగుతుంది. అమూర్, ఉస్సూరి నదులు కలిసేచోట ఉన్న బోల్షోయ్ ఉస్సూరిస్కీ దీవిని రష్యా, చైనా పంచుకున్నాయి. మెమ్‌ఫ్రెమాగాగ్ సరస్సులోని ప్రావిన్స్ దీవి మీదుగా కెనడా, అమెరికాల గీత పోతుంది.

కటాయా కథ తెలిస్తే ‘మొత్తం ఎన్ని’ అన్న ప్రశ్నకు శాశ్వతమైన జవాబు ఎందుకు ఉండదో అర్థమవుతుంది. 1809లో సరిహద్దు గీసినప్పుడు అక్కడ రెండు దీవులుండేవి, ఒకటి ఫిన్లాండ్ వైపు, ఒకటి స్వీడన్ వైపు. మంచుయుగంలో కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు బరువుకు కుంగిన నేల బోత్నియా సింధుశాఖ ఉత్తర భాగంలో ఇప్పటికీ ఏడాదికి ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు పైకి లేస్తోంది. మధ్యలో నీళ్ళు తగ్గి రెండు దీవులూ కలిసిపోయాయి. ఎవరూ పంచకుండానే అది రెండు దేశాల దీవి అయింది. దక్షిణ అమెరికాలో ఇదే పని ఒండ్రుమట్టి చేసింది. రియో డి లా ప్లాటాలో అర్జెంటీనాకు చెందిన మార్టిన్ గార్సియా, ఉరుగ్వేకు చెందిన టిమోటియో డొమింగెస్ మేట వేసి కలిసిపోతే, 1988లో రెండు దేశాలూ అక్కడ భూ సరిహద్దు ఒప్పుకున్నాయి. గోదావరి లంకలు చూసినవాళ్ళకు ఇది వింతగా తోచదు. వరద ఒక లంకను కోస్తుంది, ఇంకో రెంటిని కలుపుతుంది.

కాబట్టి ఏ జాబితా చూసినా ముందు నాలుగు విషయాలు తేల్చుకోవాలి. నిండు పోటులో కూడా ఆ నేల నీటిపైన ఉంటుందా? ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 121వ అధికరణం ప్రకారం సహజంగా ఏర్పడి, పోటులోనూ మునగనిదే దీవి. గీత నేల మీద ఉందా, చుట్టూ ఉన్న నీళ్ళలోనేనా? రెండు వైపులా ఉన్నవి గుర్తింపు పొందిన దేశాలేనా? నదులు, సరస్సులు లెక్కలో ఉన్నాయా, సముద్రం ఒక్కటేనా? ఈ షరతులు చెప్పకుండా ‘ఎన్ని’ అని అడిగితే ఆ ప్రశ్నే తప్పు.

ఇంకో పొరపాటు కూడా ఈ జాబితాల్లో కనబడుతుంది. బిడసోవా నదిలోని ఫెజంట్ దీవిని కొందరు ‘చీలిన దీవి’ అని రాస్తారు. దాన్ని చీల్చలేదు. ఫిబ్రవరి 1 నుంచి జులై 31 వరకు స్పెయిన్, ఆగస్టు 1 నుంచి జనవరి 31 వరకు ఫ్రాన్స్ వంతులవారీగా చూసుకునే ఉమ్మడి దీవి అది.

‘చిన్నది సెయింట్ మార్టిన్, నడిచి పంచారు’

ఫ్రాన్స్, నెదర్లాండ్స్ పంచుకున్న కరీబియన్ దీవి సెయింట్ మార్టిన్ విస్తీర్ణం సుమారు 87 చదరపు కిలోమీటర్లు. మార్కెట్ 3.3 హెక్టార్లు, అంటే దాదాపు ఎనిమిది ఎకరాలు. పోలికే లేదు. ‘జనం స్థిరంగా నివసించే వాటిలో చిన్నది’ అని రాసి ఉంటే సెయింట్ మార్టిన్ పేరు సరిపోయేది.

ఫ్రెంచివాడు ఒకవైపు నుంచి, డచ్చివాడు ఇంకోవైపు నుంచి నడుచుకుంటూ వచ్చారనీ, వాళ్ళు కలిసినచోట గీత పడిందనీ చెప్పేది పర్యాటకుల కోసం నిలిచిన కథ. నిజంగా జరిగింది 1648 మార్చి 23న కుదిరిన ఒప్పందం. ఆ పత్రంలో కొలతల గీత లేదు. పక్కనున్న ఆంగ్విల్లా దీవికి ఎదురుగా ఉన్న తీరం ఫ్రెంచివాళ్ళదనీ, కోట ఉన్న వైపు డచ్చివాళ్ళదనీ మాటల్లో రాసుకున్నారు. మాటల్లో రాసిన సరిహద్దు ఎక్కడ తెగుతుందో చెప్పడం కష్టం. ఆయిస్టర్ పాండ్ అనే చిన్న నీటిమడుగు ఎవరిదన్న తగాదా అలాగే మిగిలి, 2023 మే 26న సంతకమైన కొత్త ఒప్పందంతో తీరింది. 375 ఏళ్ళు పట్టింది.

అక్కడికి పనిమీద వెళ్ళేవాళ్ళకు ఉపయోగపడే విషయాలు కొన్ని: రోడ్డు మీద తనిఖీ ఉండదు, కానీ డచ్ వైపు కరెంటు 110 వోల్టులు, ఫ్రెంచి వైపు 220. దేశ కోడ్ కూడా వేరు కాబట్టి అటు నుంచి ఇటు ఫోను చేస్తే అంతర్జాతీయ కాల్. ఫ్రెంచి భాగం ఐరోపా సమాఖ్యలో ఉంది, డచ్ భాగం లేదు. రెండూ ఐరోపాలో ఒకే వీసా చెల్లే షెంగెన్ ప్రాంతం బయటే ఉన్నాయి. పారిస్ కోసం తీసిన వీసా ఇక్కడ దానంతటదే చెల్లుతుందని అనుకోకూడదు.

‘మూడు దేశాలున్నది బోర్నియో ఒక్కటే’

సముద్రంలోని సహజ దీవుల వరకు ఈ మాట నిజం. సుమారు 73 శాతం ఇండోనేషియా, 26 శాతం మలేషియా, ఒక శాతం బ్రూనై. ఆ ఒక శాతం కూడా ఒకే ముక్క కాదు. మలేషియాకు చెందిన లింబాంగ్ మధ్యలో దూరి బ్రూనైని రెండు చేసింది. 2020లో బ్రూనై అఖాతం మీదుగా 30 కిలోమీటర్ల వంతెన తెరిచేదాకా, తూర్పున ఉన్న తెంబురోంగ్ జిల్లాకు రోడ్డున పోవాలంటే మలేషియాలోకి వెళ్ళి మళ్ళీ బయటికి రావాల్సిందే, లేదంటే పడవే. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ కలిసేచోట ఒక సరస్సులో ఒడ్డుకు పది మీటర్ల దూరంలో కట్టిన కాంక్రీటు దిమ్మె ఉంది. దాన్నీ మూడు దేశాల దీవి అనేవాళ్ళున్నారు గానీ, అది మనిషి కట్టింది.

‘అన్నీ వలస పాలకులు స్కేలు పెట్టి గీసినవే, తర్వాత మారలేదు’

పోస్టులో అన్నిటికంటే నష్టం చేసేది ఈ మాటే. చదివినవాడు ఇక ఆ చరిత్ర జోలికి పోడు.

న్యూగినీ పటం తెరవండి. 141 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద తిన్నగా దిగిన గీత, ఫ్లై నది తగలగానే పడమటికి బొజ్జలా ఉబ్బి, నది వెంట పోయి, మళ్ళీ తిన్నగా దక్షిణానికి దిగుతుంది. నది వంపును బ్రిటిష్‌వాళ్ళకు వదిలేసినందుకు బదులుగా 1895 ఒప్పందంలో కింది భాగాన్ని డచ్చివాళ్ళకు అనుకూలంగా కాస్త తూర్పుకు జరిపారు. ఇప్పుడు అక్కడ రేఖాంశం 141 డిగ్రీల 1 నిమిషం 10 సెకన్లు. నేల మీద అది రెండు కిలోమీటర్ల పైచిలుకు. స్కేలు పెట్టిన గీతలోనే ఇంత బేరం దాగి ఉంది.

టిమోర్‌లో స్కేలు ఊసే లేదు. ఇండోనేషియాకు చెందిన పడమటి సగంలో, ఉత్తర తీరాన, తూర్పు టిమోర్ దేశపు ముక్క ఓఎకుస్సీ విడిగా ఎందుకు మిగిలింది? పోర్చుగీసువాళ్ళు మొదట స్థిరపడిన లిఫావ్ అక్కడే ఉంది. 1769లో రాజధానిని దిలీకి మార్చినా ఆ చోటును వదులుకోలేదు. 1859, 1904 ఒప్పందాల తర్వాత కూడా ఓఎకుస్సీ తూర్పు హద్దు మీద తగువు తెగక హేగ్ మధ్యవర్తిత్వానికి పోయింది. తీర్పు 1914లో వచ్చింది.

హిస్పానియోలాను ఫ్రాన్స్, స్పెయిన్ 1777లో పంచుకున్న మాట నిజమే. ఇప్పుడున్న సరిహద్దు మాత్రం హైతీ, డొమినికన్ రిపబ్లిక్ 1929లో ఒప్పందం రాసుకుని 1936లో సవరించుకున్నది. రెండూ అప్పటికి స్వతంత్ర దేశాలే. టియెర్రా డెల్ ఫ్యూగో గీత 1881లో చిలీ, అర్జెంటీనాలు గీసుకున్నదే, స్పెయిన్ వెళ్ళిపోయి అప్పటికి చాలా కాలమైంది. బోల్షోయ్ ఉస్సూరిస్కీ ఒప్పందం 2004 నాటిది, నేల అప్పగింత 2008లో జరిగింది.

‘మారలేదు’ అనేవాళ్ళు మార్కెట్‌ను ఒకసారి చూడాలి. 1809లో ఆ రాతిదిబ్బ మధ్యగా రష్యా, స్వీడన్ల హద్దు వచ్చింది. అప్పట్లో ఫిన్లాండ్ రష్యా చేతిలో ఉంది. 1885లో ఫిన్లాండ్ వైపువాళ్ళు దీపస్తంభం కట్టినప్పుడు అది స్వీడన్ వైపు పడింది. కారణం ఆక్రమణ కాదు, దిబ్బ మీద ఎత్తయిన చోటు అదే. వందేళ్ళకు, 1985లో, రెండు దేశాలూ గీతను ‘ఎస్’ ఆకారంలో వంచి దీపస్తంభాన్ని ఫిన్లాండ్ వైపుకు తెచ్చాయి. తిన్నగా జరిపితే పోయేది కదా అనిపిస్తుంది. అలా చేస్తే ఒక దేశం నేల తగ్గుతుంది, తీరం మీద గీత తాకే చోటు మారుతుంది, దాంతో చేపలవేట హక్కున్న నీళ్ళు మారతాయి. అందుకే తీరం దగ్గర గీతను కదపకుండా, మధ్యలో ఎంత తీసుకుంటే అంత తిరిగి ఇచ్చేలా వంచారు. అక్కడ పైకి నిలబడే సరిహద్దు రాళ్ళు పనికిరావు, చలికాలంలో కదిలే మంచుగడ్డలు ఊడ్చేస్తాయి. రాతిలో రంధ్రాలు తొలిచి గుర్తులు పెట్టారు. 25 ఏళ్ళకోసారి రెండు దేశాల సర్వేయర్లూ హద్దును తిరిగి చూసుకుంటారు.

‘సైప్రస్‌లో రెండు దేశాలున్నాయి’

1983లో తనను తాను స్వతంత్ర దేశంగా ప్రకటించుకున్న ఉత్తర భాగాన్ని గుర్తించింది టర్కీ ఒక్కటే. ఆ ప్రకటన చెల్లదని భద్రతామండలి అదే ఏడాది 541వ తీర్మానంలో చెప్పింది. అయినా సైప్రస్ పేరు చీలిన దీవుల జాబితాలో ఉండాల్సిందే, కారణం మాత్రం వేరు. 1960లో స్వాతంత్ర్యం ఇచ్చేటప్పుడు అక్రోటిరి, ఢెకేలియా స్థావరాలను బ్రిటన్ తన సార్వభౌమ భూమిగా ఉంచుకుంది. దాదాపు 254 చదరపు కిలోమీటర్లు, దీవిలో సుమారు మూడు శాతం. చట్టం ప్రకారం ఆ దీవిలో రెండో దేశం బ్రిటన్.

ఉత్తరాన కాలేజీ సీటు ఉందని ఏజెంట్లు చెప్పినప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడి విమానాశ్రయం, రేవుల గుండా దేశంలోకి రావడాన్ని సైప్రస్ రిపబ్లిక్ చట్టబద్ధమైన ప్రవేశంగా ఒప్పుకోదు. రిపబ్లిక్ ఐరోపా సమాఖ్యలో సభ్య దేశమే గానీ, ఉత్తరాన సమాఖ్య చట్టాల అమలు నిలిపివేసి ఉంది.

‘ఐర్లాండ్ సరిహద్దు పేరుకే’

ఐర్లాండ్ రిపబ్లిక్‌కూ, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌కూ మధ్య దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు, 200కు పైగా రోడ్లు. గేటు లేదు, బూత్ లేదు. స్పీడు బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్ళకు మారితేనే దాటినట్టు తెలుస్తుంది. కానీ స్వేచ్ఛగా తిరిగే హక్కు బ్రిటిష్, ఐరిష్ పౌరులది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు అది వర్తించదు.

డబ్లిన్‌లో చదివే మన పిల్లలకు ఐరిష్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా, ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో అడుగుపెట్టడానికి బ్రిటన్ వీసా కావాల్సిందే. బెల్‌ఫాస్ట్‌లో చదివేవాళ్ళు డబ్లిన్ రావాలన్నా ఐర్లాండ్ అనుమతి కావాలి. బస్సుల్లో, రైళ్ళలో అప్పుడప్పుడూ తనిఖీలు జరుగుతాయి. దొరికితే అది అక్రమ ప్రవేశం కింద రికార్డవుతుంది, తర్వాత పెట్టే ప్రతి వీసా దరఖాస్తులోనూ దాని గురించి చెప్పుకోవాలి. రెండు వైపులా చెల్లే ఏర్పాటు ఒకటి ఉంది, వీసా మీద బీఐవీఎస్ అన్న గుర్తుతో. అది స్వల్పకాల సందర్శకులకు, విద్యార్థి వీసాకు కాదు.

తెలియక తప్పు చేసేది ఎక్కువగా లెటర్‌కెన్నీ దారిలో. డబ్లిన్, లెటర్‌కెన్నీ రెండూ రిపబ్లిక్‌లోనే ఉన్నాయి. కానీ దగ్గరి దారి మోనహాన్ దాటాక ఉత్తర ఐర్లాండ్‌లోకి దూరి, ఓమా, స్ట్రబేన్ మీదుగా పోతుంది. ఫోనులో మ్యాపు చూపించేదీ, నేరుగా వెళ్ళే బస్సు పోయేదీ ఆ దారే. బ్రిటన్ వీసా లేనివాళ్ళు స్లైగో మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. టికెట్ కొనేముందు మధ్యలో ఆగే ఊళ్ళ పేర్లు చదువుకోండి.

‘మన దేశానికి ఇలాంటి గొడవ లేదు’

అస్సాంలోని ధుబ్రి దగ్గర బ్రహ్మపుత్ర బంగ్లాదేశ్‌లోకి దిగేచోట సరిహద్దు నీళ్ళమీదా, చర్ అనే ఇసుక లంకల మీదా పోతుంది. వరదకు లంకలు కదులుతాయి, కంచె నిలవదు. అందుకే 2019 మార్చిలో అక్కడ 61 కిలోమీటర్ల మేర సెన్సర్లు, కెమెరాలతో నిఘా పెట్టారు.

1970 నవంబరు తుపాను తర్వాత హరియాభంగా నది ముఖద్వారంలో ఒక ఇసుకదిబ్బ తేలింది. మనవాళ్ళు న్యూమూర్ అన్నారు, బంగ్లాదేశ్‌లో దక్షిణ తల్‌పట్టి అన్నారు. సముద్ర సరిహద్దు దాని మీద ఆధారపడుతుందని రెండు దేశాలూ పట్టుబట్టాయి, 1981లో మనం జెండా కూడా పాతాం. 2010 నాటికి అది నీట మునిగిందని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పారు. 2014 జులై 7న మధ్యవర్తిత్వ తీర్పు వచ్చింది. గొడవలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్ల సముద్రంలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. ఆ దిబ్బ ఉండిన చోటు మన వైపు పడింది, అప్పటికి అక్కడ దిబ్బ లేదు.