చేతులు మారే పాటలే నిలుస్తాయి

1958లో అమెరికా గాయకుడు చక్ బెర్రీ పాడిన 'జానీ బి. గుడ్' అనే రాక్ పాటను ఇవాళ్టికీ పిల్లలు గిటార్ క్లాసుల్లో నేర్చుకుంటున్నారు. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలతో పంపిన బంగారు పూత రికార్డులో హిందూస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ ఆలపించిన భైరవి రాగంతో పాటు ఈ పాటకూ చోటు దక్కింది. రాక్ అంటే కుర్రకారు హోరు, నాలుగు రోజుల మోజు అని తేల్చేసే పెద్దలు ఆ రెండూ ఒకే రికార్డులో ఎలా ఇమిడాయో ఒక్కసారి ఆలోచించాలని నా మనవి.

పాత పాట మన యవ్వనాన్ని గుర్తుచేస్తుంది కాబట్టే బతుకుతుందని చాలామంది అంటారు. అది నేనొప్పుకోను. ఆ పాట వచ్చేనాటికి పుట్టనివాళ్లు కూడా దాన్ని ఎందుకు పాడుకుంటున్నారో ఆ వాదన చెప్పలేదు. కట్టినవారి చేతిలోంచి విన్నవారి చేతిలోకి సులువుగా వచ్చేసే గుణమే రాక్ పాటకు ఆయుష్షు పోస్తుందని నా నమ్మకం.

రోలింగ్ స్టోన్స్ బృందం 1965లో విడుదల చేసిన 'సాటిస్ఫాక్షన్' చూడండి. పాటంతా పదే పదే తిరిగొచ్చే ఆ గిటార్ రిఫ్‌లో, అంటే ఆ చిన్న స్వరాల వరుసలో, ఉన్నవి మూడే స్వరాలు. మెట్టు మెట్టుగా పైకెక్కి మళ్లీ దిగుతాయి, అంతే. ఆ బృందం గిటారిస్టు కీత్ రిచర్డ్స్ రాత్రి మెలకువలో దాన్ని క్యాసెట్ రికార్డర్‌లో వాయించుకుని నిద్రపోయారట. పొద్దున వింటే ఆ కాస్త గిటార్ తర్వాత టేపు నిండా తన గురకే ఉందని ఆయనే చెప్పారు. ధ్వనిని మార్చే ఫజ్ పెడల్ అనే పరికరంతో గరగరలాడే ఆ ధ్వని కూడా ఆయన దృష్టిలో తుది రూపం కాదు, బాకాలు వాయించాల్సిన చోటును గుర్తుపెట్టే నమూనా మాత్రమే. అదే సంవత్సరం అమెరికా గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ నిజంగానే బాకాలతో ఆ పాట పాడారు. అది కూడా అంతే సహజంగా అమరింది. మూడు స్వరాల్లో ఉన్నది ఎవరికైనా అందుతుంది కదా.

వైట్ స్ట్రైప్స్ అనే ఇద్దరి బృందం పాట 'సెవెన్ నేషన్ ఆర్మీ' 2003లో వచ్చింది. అందరూ మంద్ర స్వరాల బేస్ గిటార్ అనుకునే ఆ ధ్వని, పెడల్ సాయంతో ఒక స్థాయి కిందికి దించిన మామూలు గిటార్‌ది. ఆ జంటలో బేస్ వాయించేవారే లేరు. ఆ ఏడాది మిలాన్‌లో మ్యాచ్ చూడడానికి వెళ్లిన బెల్జియం ఫుట్‌బాల్ అభిమానులు ఆ ఏడు స్వరాల వరుసను గొంతెత్తి అందుకున్నారు. 2006 ప్రపంచ కప్ నాటికి అది ఇటలీ వీధుల్లో మారుమోగింది. అక్కడ సాహిత్యం లేదు, గాయకుడి పేరు తెలియాల్సిన పని లేదు, వరుస ఒక్కటే ఉంది. ఒక పాటకు అంతకు మించిన గౌరవం లేదని నేననుకుంటాను.

క్వీన్ బృందం 1975లో చేసిన 'బొహీమియన్ రాప్సొడీ' మాటేమిటని మీరు అడగవచ్చు. ఆరు నిమిషాల నిడివి, తిరిగొచ్చే పల్లవి లేదు, మధ్యలో ఆపెరా. దీన్ని సులువైన పాట అనడానికి నోరు రాదు. అయినా 2017లో లండన్ హైడ్ పార్కులో గ్రీన్ డే అనే రాక్ బృందం కచేరీకి ముందు స్పీకర్లలో ఈ పాట వేస్తే, వేదిక మీద ఎవరూ లేకుండానే వేలాది జనం మొదటి నుంచి చివరి దాకా పాడేశారు. పాట మొత్తం కష్టమే కానీ, విడివిడిగా ఏ ముక్కకు ఆ ముక్క గొంతుకు పడుతుంది. మహారాష్ట్రలోని పాంచ్‌గని బడిలో పియానో నేర్చుకున్న క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీకి ఆ కిటుకు బాగా తెలుసు.

నిర్వాణ బృందం 1991లో 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్'ను నాలుగు కార్డ్‌ల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపుల) మీదే నడిపింది. చరణంలో తగ్గి పల్లవిలో విరుచుకుపడే ఆ ఒక్క తేడాతో ఒక తరాన్ని కదిలించింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం లెడ్ జెప్లిన్ వారి 'కాశ్మీర్'. అదీ 1975 నాటిదే. ఆ బృందం గాయకుడు రాబర్ట్ ప్లాంట్ ఆ సాహిత్యం మొదలుపెట్టింది మొరాకో ఎడారి దారిలో కారు ప్రయాణంలో కాబట్టి, పేరు చూసి అందులో మన దేశాన్ని వెతకక్కర్లేదు. వినాల్సింది దాని లెక్క. గిటార్ మూడేసి మాత్రల చొప్పున నడుస్తుంటే జాన్ బోనమ్ డ్రమ్స్ నాలుగేసి మాత్రల లెక్కను వదలవు; పన్నెండు మాత్రలకోసారి రెండూ కలుసుకుంటాయి. తాళం వేస్తూ పెరిగిన చెవికి ఇది పరాయి విద్య కాదు.

మన ఊళ్లలోనే మృదంగం నేర్చుకునే పిల్లలూ, స్కూలు బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే పిల్లలూ ఉన్నారు, కొన్ని ఇళ్లలో ఇద్దరూ అన్నాచెల్లెళ్లే. వచ్చే సంక్రాంతి సంబరాల్లో వారికి ఒక ఇరవై నిమిషాలూ, మంచి యాంప్లిఫయర్లూ ఇచ్చి, ఈ 'కాశ్మీర్' పాటను కలిసి వాయించమని అడగాలని ఆ సంబరాలు జరిపే కార్యవర్గాన్ని కోరుతున్నాను.