వాగు గట్టున తెల్లమద్దిని బతకనివ్వండి

వాగును బాగు చేస్తున్నామని చెప్పి గట్టు చదును చేయడం, అడ్డొచ్చిన తెల్లమద్దులను పొక్లెయిన్‌తో పెకలించడం, ఆ తర్వాత సిమెంటు గోడ కట్టి దాని వెంట కోనోకార్పస్ మొక్కలు నాటడం మా వైపు అలవాటైపోయింది. మద్ది కుటుంబానికే చెందినా అమెరికా తీరాల నుంచి వచ్చిన ఆ మొక్కను తెచ్చి, ఇక్కడే పుట్టిన చెట్టును తొలగించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

కొండవాలుల్లో కనిపించే నల్లమద్ది బెరడు మొసలి చర్మంలా పగిలి ఉంటుంది. కొన్నిచోట్ల ఏరుమద్ది అని పిలిచే తెల్లమద్ది మాత్రం తడి ఉన్నచోటనే, వాగుల వెంట పెరుగుతుంది. దాని నున్నని బూడిదరంగు బెరడు పలుచని పెచ్చులుగా ఊడిపోతుంటుంది. వేసవి ముంగిట ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి చిగురించి పూస్తుంది. ఐదు రెక్కల గట్టి కాయలు గట్టున రాలి, వానాకాలపు ప్రవాహంతో కొట్టుకుపోయి, దిగువన ఒండ్రు నిలిచినచోట మొలుస్తాయి. గట్టు మట్టిని పట్టి ఉంచే చెట్లను వాగే ఈ విధంగా నాటుకుంటూ వస్తోంది. రెండు వైపులా గోడ కట్టాక మొలకకు ఒండ్రు ఎక్కడ దొరుకుతుంది?

మహదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాల్లో దసలి పట్టుపురుగులు మద్ది ఆకు తిని గూళ్లు కడతాయని, ఆ గూళ్ల మీద కుటుంబాలు బతుకుతున్నాయని పనులు మంజూరు చేసేవారు గుర్తుంచుకోవాలి. గుండెకు మంచిదని బెరడు కోసం వచ్చేవారితో మరో ప్రమాదం ఉంది. లోపలి పొర వదిలి ఒక పక్కన కొంత మేరకే తీస్తే బెరడు మళ్లీ పెరుగుతుంది; చుట్టూ ఒలిస్తే ఎంత పెద్ద మానైనా నిలువునా ఎండిపోతుంది.

జంగారెడ్డిగూడెం దగ్గర గురవాయిగూడెంలో, ఎర్రకాలువ ఒడ్డున మద్దిచెట్టు మొదట్లో కొలువైన ఆంజనేయస్వామిని జనం మద్ది ఆంజనేయుడనే కొలుస్తారు. అక్కడి మద్దికి భక్తి అండగా ఉంది. గుడి లేని వాగుల మీది మద్దులకు నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టమే దిక్కు కాబట్టి, చెట్టు కొట్టేముందు అనుమతి ఉందా అని గ్రామసభలో అడగడం మన బాధ్యత.

గోడ తప్పనిసరి అయినచోట కూడా దానిని ఉన్న చెట్లకు వెనక్కి జరిపి కట్టాలి. నాటదలచినవారు వేసవిలో అదే వాగు ఎగువన రాలిన కాయలను ఏరి, నీళ్లలో నానబెట్టి నారు పెంచి, వానలు పడగానే గట్టున నాటి, వేళ్లు దిగేదాకా ఎండాకాలంలో నీళ్లు పోయాలి. పనుల అంచనాలో గోడకు కేటాయించే సొమ్ములో కొంత ఈ నారుకు, కాపలాకు కేటాయించాలని మన పంచాయతీలను లిఖితపూర్వకంగా కోరుదాం.