శాలువా ఇస్తే బియ్యం వస్తాయా?

ఈ మధ్య వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: నిజమైన కళాకారుడు డబ్బు వైపు చూడడు. పోతన నాగలి పట్టాడే గానీ రాజుకు కావ్యం అమ్ముకోలేదు. త్యాగయ్య రాజుగారి కానుకలు తిప్పి పంపాడు. వాన్ గో ఆకలితో మాడుతూ బొమ్మలు వేశాడు, అమ్మకాల గోల పెట్టుకోలేదు. మన చేతికళలు భక్తితో పుట్టాయి, మార్కెట్ వచ్చి వాటిని చంపేసింది. కాబట్టి పారితోషికం అడిగే కళాకారులను ప్రోత్సహించకండి. కింద దండం పెడుతున్న రెండు చేతుల బొమ్మ. ఒకటో తారీఖున ఠంచనుగా జీతం పడేవాళ్లే దీన్ని ఎక్కువగా ఫార్వర్డ్ చేస్తున్నారు, అది వేరే సంగతి.

పోతనతో మొదలుపెడదాం. భాగవతాన్ని నరులకు అంకితం ఇవ్వనన్నాడు, ఆ మాట మీద నిలబడ్డాడు. చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఆ కథలోనే నాగలి కూడా ఉంది కదా! అంటే తిండికి వేరే దారి ఉంది. ఫలానావాడి సొమ్ము నాకొద్దు అనడం వేరు, కళకు సొమ్మే అంటకూడదనడం వేరు.

ఆ కాలంలోనే శ్రీనాథుడూ ఉన్నాడు. మెసేజ్ రాసినాయన ఆయన్ను ఎందుకో మరిచిపోయాడు. హరవిలాసాన్ని శ్రీనాథుడు అంకితమిచ్చింది రాజుకు కూడా కాదు, అవచి తిప్పయ్య సెట్టి అనే వర్తకుడికి. సింహళం నుంచి ఏనుగులు, హోర్ముజ్ నుంచి గుర్రాలు, చైనా నుంచి పట్టు అంటూ సెట్టిగారి సరుకుల చిట్టా మొత్తం సీస పద్యంలోకి ఎక్కించాడు. ఇవాళైతే స్పాన్సర్‌షిప్ అనేవాళ్లం. అంతమాత్రాన హరవిలాసం కావ్యం కాకుండా పోలేదు. శ్రీనాథుడు కష్టపడింది ఇచ్చే చేతులు పోయాకే. ముసలితనంలో బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకున్నాడని, పంట కొంత కృష్ణా నది పాలైతే, నువ్వులూ పెసలూ పిట్టలు తినేశాయని, గుత్త సొమ్ము ఏడు వందల టంకాలు (ఆనాటి నాణేలు) ఎలా కట్టేదని వాపోయాడని ఆయన పేరు మీదున్న చాటువు చెబుతోంది. డబ్బు తీసుకోవడం తప్పని అందులో ఎక్కడా లేదు. కట్టడానికి లేదన్నదే బాధ.

త్యాగయ్య విషయంలో ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆయన కొలువు వద్దన్నాడు, ఉంఛవృత్తి ఎంచుకున్నాడు. అంటే తిరువయ్యారు ఇళ్లలోని ఆడవాళ్లు గుప్పెడు గుప్పెడు బియ్యం పోశారు. ఊరు పెట్టుబడి పెట్టింది, రాజు బదులు.

వాన్ గో కథ మాత్రం పూర్తిగా తలకిందులు. ఆయన కుర్రతనంలో పనిచేసింది గూపిల్ అనే బొమ్మల వ్యాపార సంస్థలో. హేగ్, లండన్, పారిస్ శాఖల్లో పటాలు అమ్మడమే ఉద్యోగం. తర్వాత బొమ్మలు వేసినంత కాలం ఖర్చులు భరించింది తమ్ముడు తియో. ఆ తియో కూడా పారిస్‌లో బొమ్మల వ్యాపారే. నెలనెలా పంపే డబ్బుకు బదులుగా వేసిన బొమ్మలు నీవే అని విన్సెంట్ తమ్ముడితో ఒప్పందం చేసుకున్నాడు. అన్నదమ్ముల ఉత్తరాల్లో రంగుల ఖరీదు, కాన్వాసు ఖరీదు, అమ్మకాల ఆశ అడుగడుగునా కనిపిస్తాయి. 1890లో బ్రసెల్స్ ప్రదర్శనలో ఎర్ర ద్రాక్షతోట బొమ్మ 400 ఫ్రాంకులకు అమ్ముడుపోయింది. అదే ఏడాది జూలైలో ఆయన పోయాడు, ఆరు నెలలకు తియో కూడా. ఆ తర్వాత వాన్ గోను లోకానికి పరిచయం చేసింది తియో భార్య యోహన్నా. చంకలో పసివాడు, ఇంటినిండా ఎవరూ కొనని బొమ్మలు. ఆమె ప్రదర్శనలు పెట్టింది, ఏది అమ్మాలో ఏది అట్టిపెట్టాలో లెక్క చూసుకుంది, 1914లో ఉత్తరాలు అచ్చు వేయించింది. 1924లో పొద్దుతిరుగుడు పూల బొమ్మ ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీకి అమ్మింది. ఆమె వ్యాపారం చేసుండకపోతే ఈ మెసేజ్‌లో వాన్ గో పేరే ఉండేది కాదు.

ఇక చేతికళలు. తెలంగాణలో చేర్యాల పటాలని ఉన్నాయి, పొడుగాటి గుడ్డ మీద కథంతా బొమ్మలుగా వేసేవి. వాటిని నకాషీ అనే చిత్రకారుల కుటుంబాలు ఎవరి కోసం వేసేవాళ్లు? కాకిపడగలవాళ్లు, కూనపులివాళ్లు లాంటి కథకుల కోసం, ముందే మాట్లాడుకుని. ఆ కథకులు పటం చుట్టుకుని ఊరూరా తిరిగి, ముదిరాజులకో పద్మశాలీలకో కులపురాణం చెప్పి, హక్కుగా రావలసిన ధాన్యమో రొక్కమో తీసుకునేవాళ్లు. అందులో భక్తీ ఉంది, లెక్కా ఉంది.

గుడ్డ మీద కలంతోనో అచ్చులతోనో బొమ్మలు వేసే కలంకారీ అయితే చెప్పనే అక్కర్లేదు. 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో దుకాణం తెరిచింది అక్కడి బట్ట కోసమే. డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చారు. పర్షియాకు ఒక రకం, ఐరోపాకు ఒక రకం వెళ్లేది. 1643లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు లండన్ నుంచి సూరత్‌కు రాసిన ఉత్తరం ఒకటుంది. ఎర్ర నేల (బొమ్మ వెనక రంగు) ఉన్న దుప్పట్లు ఇక్కడివాళ్లకు నచ్చడం లేదు, తెల్ల నేల ఎక్కువ ఉంచి మధ్యలో పూలూ కొమ్మలూ రంగుల్లో వేయించండి అని. మనవాళ్ల అద్దకాలకూ ఇలాంటి గిరాకీలే వచ్చాయి. ఇవాళ అచ్చ తెలుగు సంప్రదాయం అని గోడకు తగిలించుకునే ఆ పూలచెట్టు ఇంతమంది కొనుగోలుదార్ల పేచీల మధ్య రూపు దిద్దుకుంది. 1686లో ఫ్రాన్స్ ఈ రకం బట్టల్ని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ కూడా 1721లో వాడకం మీదే నిషేధం పెట్టింది. ఆ తర్వాత మిల్లు గుడ్డ వచ్చి పడింది. మార్కెట్లోంచి గెంటేస్తే ఈ కళ చిక్కిపోయింది. శ్రీకాళహస్తిలో 1950ల్లో మళ్లీ ఊపిరి పోసింది కూడా ప్రభుత్వ శిక్షణ, దాంతో పాటు వచ్చిన ఆర్డర్లు.

మెసేజ్‌లో ఒక్క పాలు నిజం ఉంటే అది ఇక్కడే ఉంది. శ్రీకాళహస్తి పని దగ్గర నిలబడి చూడండి. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు లేకపోతే గీత పాకిపోతుంది. తుప్పు ఇనుము, బెల్లం రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీత. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, పారే నీళ్లలో ఉతికి, మొక్కల వేళ్ల నుంచి తీసిన రంగులో ఉడికించాలి. మళ్లీ ఉతకాలి, మళ్లీ ఎండబెట్టాలి. అదే డిజైన్ స్క్రీన్ ప్రింట్ వేసి, కలంకారీ అని చీటీ అంటించి, చవగ్గా అమ్మేస్తున్నారు. కొనేవాళ్లకు తేడా తెలియదు. చేత్తో వేసేవాడు ఆ రేటుకు దిగాలంటే ఉతుకులు తగ్గించాలి, రసాయన రంగు పట్టాలి. కళ చెడేది అక్కడ. కారణం ధర పడిపోవడం. కళాకారుడు డబ్బు అడగకూడదని ఊదరగొట్టే మెసేజ్ ఆ ధరను ఇంకాస్త కిందికి తొక్కుతుంది.

అన్నిటికన్నా మండేది చివరి వాక్యం, పారితోషికం అడిగేవాళ్లను ప్రోత్సహించకండి అన్నది. మా ఊరి వైపు ఒక ఉత్సవ కమిటీ ఒక హరికథకుడిని పిలిచింది. షామియానావాడు అడ్వాన్స్ తీసుకున్నాడు. మైక్ సెట్టువాడు సగం ముందే కావాలన్నాడు, ఇచ్చారు. వంటవాడితో బేరం కూడా ఆడలేదు. హరికథాయన వంతు వచ్చేసరికి "మీలాంటి విద్వాంసులకు మేమివ్వగలిగింది ఏముంది స్వామీ" అని శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, ఫొటో దిగారు. హార్మోనియం, మృదంగం వాళ్లకు బస్సు చార్జీలు ఆయనే ఇచ్చుకున్నాడు. హరికథాయన ఇంట్లో అలాంటి శాలువాలు బీరువాలో దొంతర్లుగా ఉన్నాయి. కమిటీ కార్యదర్శి మర్నాడు పొద్దున్నే ఇదే మెసేజ్ గ్రూపులో పెట్టాడు.