ఏడబ్ల్యూఎం ఒక్కటే స్నైపరట! ఆ మెసేజ్‌కి నా జవాబు

వారం నుంచి ఒకటే మెసేజ్, ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐ గురించి. మాది ఆంధ్రా-ఒడిశా సరిహద్దు; పర్లాకిమిడి గ్రూపులో ఒకరు పెడతారు, పాతపట్నం వాళ్ల గ్రూపులో ఇంకొకరు పెడతారు, ఒడియా స్నేహితుల గ్రూపు తెరిస్తే అక్కడా అదే సరుకు ఒడియాలో. "స్నైపర్ అంటే ఏడబ్ల్యూఎం ఒక్కటే, మిగతావన్నీ బొమ్మ తుపాకులు" అని మొదలవుతుంది (స్నైపర్ అంటే స్కోప్ పెట్టి దూరం నుంచి కొట్టే గన్, ఏడబ్ల్యూఎం అందులో ఒకటి), ఏడు పాయింట్లు ఉంటాయి, మధ్యలో ఒక ఫైల్ లింకు ఉంటుంది, చివర "పదిమందికి పంపండి" అని ఉంటుంది. పంపినవాళ్లలో సగం మంది నాతో బీజీఎంఐ ఆడేవాళ్లే. ఆట తెలిసినవాళ్లు కూడా ఇలాంటిది ముందుకు తోసేస్తుంటే ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

మొదటి పాయింట్: ఇళ్లలో కార్98, ఎం24 స్నైపర్‌లు దొరికినా వదిలేసి డ్రాప్ (ఆటలో విమానం పడేసే పెట్టె) కోసం ఆగాలి. మొన్న మా నలుగురి స్క్వాడ్‌లో కాశీనగర్ కుర్రాడు సరిగ్గా ఇదే చేశాడు. ఆటలోని పొచింకి అనే ఊళ్లో రెండంతస్తుల ఇంట్లో ఎం24, దాని పక్కనే నేలమీద ఫోర్ ఎక్స్ స్కోప్, 7.62 బుల్లెట్లు. "వద్దన్నా, డ్రాప్‌లో ఏడబ్ల్యూఎం వస్తది" అని దాటేసి వెళ్లిపోయాడు. డ్రాప్ పడింది, ఎర్ర పొగ లేచింది, ఆ పొగ చుట్టూ మూడు స్క్వాడ్‌లు కాచుకుని కూర్చున్నాయి. ఇక చెప్పేదేముంది? డ్రాప్‌లో ఏడబ్ల్యూఎమ్మే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఉన్నా దాంతో వచ్చేవి 20 బుల్లెట్లు, అవి .300 మ్యాగ్నమ్, ఇళ్లలో వెతికితే దొరికే రకం కావు. ఎం24, కార్98 రెండూ తినేది 7.62. అదే బుల్లెట్ తినే ఏకేఎం రైఫిలో ఎం762 రైఫిలో చేతిలో ఉంటే రెండింటికీ ఒకటే సంచి.

ఏడబ్ల్యూఎం గొప్పతనం ఎక్కడుందో కూడా ఆ మెసేజ్ రాసినవాడికి తెలీదు. లెవెల్ 1 హెల్మెట్ తలకి తగిలే దెబ్బలో 30 శాతం ఆపుతుంది, లెవెల్ 2 అయితే 40, లెవెల్ 3 అయితే 55. లెవెల్ 3 పెట్టుకున్నవాణ్ణి ఒక్క హెడ్‌షాట్‌తో పడగొట్టడం కార్98కీ ఎం24కీ సాధ్యం కాదు, కాస్త ప్రాణం మిగిలిపోతుంది. ఏడబ్ల్యూఎం మిగల్చదు. ఆఖరి జోన్‌లో (ఆట చివర మిగిలే చిన్న వలయంలో) చెట్టు చాటున లెవెల్ 3 హెల్మెట్‌తో ఒకడు మిగిలాడంటే దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ మీకు ఎదురయ్యేవాళ్లలో ఎక్కువమంది నెత్తిన ఉండేది లెవెల్ 2. దాని మీద మూడు గన్‌లూ ఒకటే, తలకి తగిలితే మనిషి కింద. మరి ఎందుకు వదిలేయాలి?

రెండో పాయింట్: ఏడబ్ల్యూఎం అయితే ఒంట్లో ఎక్కడ తగిలినా ఒకే బుల్లెట్‌తో మనిషి కింద. అబద్ధం. మంచి వెస్ట్ వేసుకున్నవాడి ఛాతీకి తగిలితే పడడు, కాలికి తగిలితే అసలే పడడు. పొట్టకి గురిపెట్టి కొట్టి, బోల్ట్ లాగి తర్వాతి బుల్లెట్ ఎక్కించడానికి పట్టే ఆ దాదాపు రెండు సెకన్లలో అవతలివాడు మీ మీదకి ఎం416 రైఫిల్ తిప్పుతాడు.

మూడోది: స్నైపర్ బుల్లెట్ సూటిగా, తక్షణం తగులుతుంది, పరుగెత్తేవాడికి కాస్త ముందుకి గురిపెట్టాల్సిన పనిలేదు. ఇది నమ్మితే జీవితంలో స్నైపింగ్ రాదు. కార్98 బుల్లెట్ వేగం సెకనుకి 760 మీటర్లు, ఎం24ది 790, ఏడబ్ల్యూఎంది 900 పైన. 300 మీటర్ల దూరంలో ఒకడు అడ్డంగా పరుగెడుతున్నాడనుకోండి. కార్98 బుల్లెట్ అక్కడికి చేరేసరికి దగ్గర దగ్గర 0.4 సెకను. ఆటలో పరుగు సెకనుకి ఆరు మీటర్ల చిల్లర, అంటే ఆ లోపు వాడు రెండున్నర మీటర్లు జరిగిపోతాడు. ఏడబ్ల్యూఎం అయినా రెండు మీటర్లు. మీరు తలకి గురిపెట్టి తల మీదే కొడితే బుల్లెట్ వాడి వెనక గోడకి తగులుతుంది. పైగా దూరం పెరిగేకొద్దీ బుల్లెట్ కిందికి దిగుతుంది. ఇవి చేతికి అలవాటు కావాలంటే రోజూ దొరికే గన్‌తో కాల్చాలి, పది మ్యాచుల్లో ఒక్కసారి చేతికొచ్చే గన్‌తో కాదు.

ఇక నాలుగో పాయింట్. నిజానికి దీనికోసమే ఇదంతా రాస్తున్నాను. "ఈ ఫైల్ వేసుకుంటే ఏ స్నైపర్ అయినా ఏడబ్ల్యూఎం అవుతుంది, రీకాయిల్ (కాల్చినప్పుడు గన్ ఎగరడం) ఉండదు, గురి దానంతటదే తలకి వెళ్తుంది, బ్యాన్ రాదు" అని లింకు. నొక్కితే ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్ బయట నుంచి వేసుకునే యాప్, దిగుతుంది. ముందు ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్‌లను పట్టే గూగుల్ కాపలా) ఆఫ్ చేయమంటుంది. తర్వాత ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి, మిగతా యాప్‌ల పైన కనిపించడానికి అనుమతి. అన్నీ వరసగా "అలో" నొక్కేయమని మెసేజ్‌లోనే బొమ్మలతో చూపించారు. తలకి గురిపెట్టడానికి నాన్న ఫోన్‌లోని ఎస్ఎంఎస్‌లు చదవాల్సిన అవసరం దేనికి? హెడ్‌షాట్ ఓటీపీతో పడుతుందా?

మా వైపు ఈ ఆట ఆడే పిల్లల్లో చాలామందికి సొంత ఫోన్ లేదు. దుకాణం కట్టేసి నాన్న ఇంటికొచ్చాక ఆ ఫోనే తీసుకుని ఆడతారు. రోజంతా గల్లాపెట్టె డబ్బులొచ్చే యూపీఐ అదే ఫోన్‌లో ఉంటుంది, బ్యాంకు మెసేజ్‌లు దానికే వస్తాయి. అలాంటి ఫోన్‌లో మీరు ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ రెండూ ఎవడికో అప్పగిస్తే వాడు స్క్రీన్ మీద ఏముందో చూడగలడు, మీ వేలు లేకుండానే నొక్కగలడు, వచ్చిన ఓటీపీ చదవగలడు. గన్ పేలేది మీ మీదే.

ఈ అలవాటు ఎక్కడ మొదలైందో కూడా చెప్తాను. 2022 జూలైలో బీజీఎంఐ ప్లే స్టోర్ నుంచి పోయింది, మళ్లీ వచ్చింది 2023 మేలో. ఆ మధ్యలో ఆట కావాలంటే ఎవరో పంపిన లింకే దిక్కు. అందరం ఏపీకేలు దించుకోవడం, హెచ్చరిక వస్తే పట్టించుకోకుండా ముందుకి పోవడం అప్పుడే నేర్చుకున్నాం. ఆట స్టోర్‌కి తిరిగొచ్చింది, ఆ అలవాటు మాత్రం పోలేదు. అందుకే ఇలాంటి ఫైల్ చూసినా ఎవరికీ భయం వేయడం లేదు.

సరే, ఫైల్‌లో దొంగతనం ఏమీ లేదు, అది నిజంగానే గురి సాయం చేస్తుందనుకుందాం. అప్పుడది చీటింగ్. అకౌంట్ పోతుంది. ఒక్క అకౌంటే కాదు, ఫోన్‌నే బ్యాన్ చేసే పద్ధతి 2021 డిసెంబర్ నుంచి ఉంది. అంటే తమ్ముడు చేసిన పనికి అదే ఫోన్‌లో ఆడే అన్నయ్య ఐడీ కూడా తెరుచుకోదు. "బ్యాన్ రాదు" అని రాసినవాడు రేపు వచ్చి ఫోన్ కొనిస్తాడా?

ఐదోది, ఎయిట్ ఎక్స్ స్కోప్ లేకపోతే స్నైపర్ దండగట. సిక్స్ ఎక్స్‌లో జూమ్ తగ్గించుకోవచ్చు, ఫోర్ ఎక్స్‌తో మన చిన్న స్క్రీన్ మీద 200 మీటర్లు హాయిగా కొట్టొచ్చు. ఇంతకంటే దీని మీద మాట్లాడను.

ఆరోది, స్నైపర్‌కి పింగ్‌తో (నెట్‌లో వచ్చే ఆలస్యంతో) పనిలేదట. ఇది రాసినవాడు సరిహద్దులో ఎప్పుడూ ఆడి ఉండడు. పర్లాకిమిడిలో మేడెక్కి కూర్చుంటే ఫోన్ ఒకసారి ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది, ఒకసారి ఒడిశా టవర్, మారే క్షణంలో పచ్చగా ఉన్న పింగ్ ఎర్రగా అయిపోతుంది, మీరు స్కోప్‌లో చూస్తున్న మనిషి అప్పటికే అక్కడ ఉండడు. ఒక్కో బుల్లెట్ లెక్కపెట్టుకుని కొట్టే గన్‌కే పింగ్ ఇంకా బాగుండాలి. వైఫై ఉన్నవాళ్లింట్లో ఆడండి, లేదంటే ఆ రోజుకి బోల్ట్ లాగక్కర్లేని ఎస్ఎల్ఆరో మినీ14ఓ పట్టుకోండి, ఒకటి తప్పినా వెంటనే రెండోది కొట్టొచ్చు.

ఏడోది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం: స్క్వాడ్‌లో నలుగురూ స్నైపర్‌లు పట్టుకోవద్దు, ఒక్కరు చాలు. ఇంత చెత్త మధ్య ఈ మాట ఎలా వచ్చి పడిందో గానీ, మా స్క్వాడ్ మ్యాచ్‌లు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. అవతలివాళ్లు ఒక్కసారిగా రష్ చేసి మీదకొచ్చినప్పుడు ముగ్గురు బోల్ట్ లాగుతూ ఉంటారు, ఒక్కడు పోరాడుతుంటాడు. ఆ ఒక్క వాక్యం పంపాలనుకుంటే విడిగా పంపండి, లింకు లేకుండా.

ఆ ఫైల్ ఇప్పటికే వేసుకున్నవాళ్లుంటే ముందు ఫోన్‌లో నెట్ ఆపండి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనుమతి తీసేసి ఆ యాప్ తొలగించండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే నాన్నకి తెలుస్తుందని దాచొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.