అల్లుడుగారి నాచు బిళ్లలు

ఇప్పుడే గుంటూరు బ్రాడీపేటలో అమ్మావాళ్లింట్లో ఫ్రిజ్ మీద ఒక డబ్బా చూశాను. సముద్రపు నాచు క్యాప్సూల్స్ అట. కండకి బలం, ఎముకకి క్యాల్షియం, మోకాళ్లలో అరిగిన గుజ్జు మళ్లీ పుట్టడం, మూడూ ఇందులోనే. రెండు వేల ఎనిమిది వందలు. "మన అల్లుడు ఇచ్చాడే" అంది అమ్మ. ఇచ్చాడట! అమ్మాడమ్మా, అమ్మాడు. పిన్ని అల్లుడు, నాకు బావగారు, ఈ మధ్య విజయవాడలో ఏదో హోటల్లో మీటింగుకి వెళ్లి వైద్యులైపోయి వచ్చారు.

నాచు మీద నాకేం కోపం లేదు. జపాన్ వాళ్లు తరతరాలుగా తింటున్నారు, తిననివ్వండి. గోధుమ రంగు నాచులో ఉండే ఫ్యూకోయిడాన్ ల్యాబులో ఎలుకలకి వాపు తగ్గించిన మాటా నిజమే. మరి మోకాళ్లు అరిగిన మనుషులకి? ఆస్ట్రేలియాలో పన్నెండు వారాలు రోజుకి 300 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. 2016లో ఫలితం చెప్పారు: ఉత్తుత్తి క్యాప్సూల్ మింగినవాళ్లకీ వీళ్లకీ తేడా లేదు. ఈ ముక్క మీటింగులో ఎవరు చెప్తారు!

నాకు ఒళ్లు మండింది ఇందుకు. అమ్మకి థైరాయిడ్ ఉంది, పరగడుపునే మాత్ర వేసుకుంటుంది. "రెండూ కలిపి వేసేసుకోండి అత్తయ్యగారూ, మర్చిపోకుండా ఉంటుంది" అన్నారట ఈయన. క్యాల్షియం ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వదు, నాలుగు గంటల ఎడం ఉండాలి. పైగా నాచులో అయోడిన్, ఎక్కువైతే థైరాయిడ్‌కే చేటు. మనిషికి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములు, ఉప్పులో తింటూనే ఉన్నాం. కొన్ని నాచుల్లో ఒక్క గ్రాములోనే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో వైద్యానికి కాదని రాసే ఉంది. అల్లుడు చెప్పాక అమ్మకి కళ్లజోడెందుకు?

ఫిజియోథెరపిస్ట్ కాలు చాపి ఎత్తే వ్యాయామం చెప్పారు, పైసా ఖర్చు లేదు. అది మాత్రం చెయ్యదు. రాగిజావ ఇస్తే మొహం తిప్పుకుంటుంది.

నేను బీఫార్మసీ చదివాను. ఈ ఊళ్లోనే, నాన్న అప్పు తెచ్చి కట్టిన ఫీజుతో. ఇంట్లో ఒక్కరైనా ఒక్క మాత్ర గురించి నన్నడిగిన పాపాన పోలేదు. ఈ బావగారే అప్పట్లో నాన్న నడుం నొప్పికి అయస్కాంతం పరుపు అంటగట్టారు. వద్దంటే "ఆడపిల్లవి, పెద్దవాళ్ల మాటల్లోకి నువ్వెందుకు" అన్నారు. పరుపు అటకెక్కింది, నాన్న చాప మీద పడుకుంటున్నారు, అల్లుడి మర్యాద మాత్రం చెక్కు చెదరలేదు.

చుట్టాలెవరైనా చదువుతుంటే ఆయన్ని ట్యాగ్ చెయ్యండి. పిన్నీ, నువ్వు కూడా చదువు. సంక్రాంతికి మా గుమ్మం తొక్కుతావో లేదో నీ ఇష్టం.