అత్తగారింట్లో ఎర్తింగ్

నల్లగొండలో మా వీధి మొత్తానికి ఆకుపచ్చ నంబరు పలక తగిలించుకున్న మొదటి కారు నాదే. దాన్ని చూసిన మొదటి వారంలోనే ఇద్దరు నాకు అటవీశాఖకు బదిలీ అయిందా అని అడిగారు. మూడో ఆయన ఆ ప్రశ్న కూడా అడగకుండా, తన పొలం గట్టున ఉన్న రెండు టేకుచెట్లు కొట్టుకోవడానికి ఎవరిని కలవాలో చెప్పమని నేరుగా విషయంలోకి దిగాడు. కరెంటుతో నడిచే సొంత కార్లకు పచ్చ పలక మీద తెల్ల అక్షరాలు, కిరాయి బండ్లకైతే పచ్చ పలక మీద పసుపు అక్షరాలు ఉంటాయని నేను వివరించబోగా, ఆయన నా వంక అనుమానంగా చూసి, ఇవ్వదలచుకోకపోతే అదే మాట చెప్పవచ్చు గదా అన్నట్టుగా వెళ్లిపోయాడు.

ఈ బండి కొనేముందు నేను చదివినంత చదువు డిగ్రీ పరీక్షలకు చదివి ఉంటే నా జీవితం మరోలా ఉండేది. 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీలోని 30 యూనిట్ల బ్యాటరీ మొదలుకొని, 2024 నవంబరులో మహీంద్రా వారు బీఈ 6ఈ, ఎక్స్‌ఈవీ 9ఈ పేర్లతో తెచ్చిన బండ్లలోని 59, 79 యూనిట్ల బ్యాటరీల దాకా, అటు తరువాత 2025 జనవరిలో వచ్చిన క్రెటా ఎలక్ట్రిక్‌లోని 42, 51.4 యూనిట్ల దాకా అన్నీ నాకు ఎక్కాల మాదిరిగా నోటికి వచ్చేశాయి. ఈలోగా రాష్ట్ర ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్నూ రిజిస్ట్రేషన్ రుసుమూ ఉండవని ప్రకటించడంతో, ఇక ఆగితే నష్టమని లెక్కగట్టి ఒకటి కొనేశాను. ఏది కొన్నానో మాత్రం చెప్పను. జరిగినదాంట్లో బండి తప్పు వీసమెత్తు కూడా లేదు కనుక దాని పేరు బజారుకీడ్చడం న్యాయం కాదు. 45 యూనిట్ల బ్యాటరీ అనీ, కాగితం మీద 450 కిలోమీటర్లు దాటుతుందనీ, మా మే నెల ఎండలో ఏసీ వేసుకొని ఐదుగురం ఎక్కితే 250 పోతే గొప్ప అనీ తెలుసుకుంటే చాలు.

నా గర్వమంతా దాని పరుగులో లేదు, దాని దాతృత్వంలో ఉంది. చార్జింగ్ పెట్టే చోటే ఒక చిన్న అడాప్టర్ తగిలిస్తే బండిలోని కరెంటు బయటికి వస్తుంది, 3.3 కిలోవాట్ల దాకా ఇంట్లో వస్తువులు నడుపుకోవచ్చు. ఈ సంగతి నేను పాలవాడికి చెప్పాను, మంగలికి చెప్పాను, చివరికి నోరు జారి మా బామ్మర్దికి కూడా చెప్పాను.

మా అత్తగారి ఊరు దేవరకొండ వైపు, మా ఇంటికి సుమారు 60 కిలోమీటర్లు. పోయిన వేసవిలో అక్కడ బొడ్రాయి పండుగ పెట్టుకున్నారు. బొడ్రాయి పండుగంటే ఆ ఊళ్లో పుట్టిన ఆడబిడ్డలందరూ భర్తలతో, పిల్లలతో దిగవలసిందే; రానివారి పేర్లు మళ్లీ బొడ్రాయి పండుగ దాకా గుర్తుంటాయి. బయలుదేరేటప్పుడు బ్యాటరీ 70 శాతం ఉంది. నిండా నింపుకొని పోదామనుకున్నాను గాని, ఆలస్యమవుతుందని మా ఆవిడ తొందరపెట్టింది. పోను 60, రాను 60, ఎంత లెక్క వేసినా ఇంకా మిగులుతుంది గదా అని నేనూ ధైర్యంగా బయలుదేరి, 46 శాతంతో ఊళ్లోకి అడుగుపెట్టాను.

మా బామ్మర్దికి బత్తాయి తోట ఉంది. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "అంతా మంచిగనే ఉన్నది గని బావ, కాయ ఏసుకపోనీకి ఎనుక డబ్బ లేదు గదా, గిట్ల కరెంటుది పికప్పు రాదా?" అన్నాడు. ఇటువంటి ప్రశ్న కోసమే ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్న నేను వేపచెట్టు కింద మంచం వాల్చుకొని మొదలుపెట్టాను. మన దగ్గర ఉన్నవి టాటా ఏస్ ఈవీ వంటి చిన్న సరుకు బండ్లేననీ, అసలైన పికప్పులు అమెరికాలో ఉన్నాయనీ చెప్పాను. 2021లో రివియన్ ఆర్1టీ వచ్చిందనీ, టెస్లా వారి సైబర్‌ట్రక్కును 2023 నవంబరు నెలాఖరున కొన్నవారి చేతికి ఇవ్వడం మొదలుపెట్టారనీ, దాని ఒళ్లంతా స్టెయిన్‌లెస్ స్టీలేననీ చెప్పినప్పుడు మా అత్తమ్మ గుమ్మంలోంచి, "అయితే చింతపండు పెట్టి తోముతరా?" అని అడిగింది. హమ్మర్ ఈవీ బరువు 4 టన్నులు దాటుతుందన్నప్పుడు మామ ఊరి కాలువ మీది కల్వర్టును తలచుకొని కళ్లు మూసుకున్నాడు. 2022లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌కు ముందువైపు ఇంజను ఉండవలసిన చోట 400 లీటర్ల పెట్టె ఉంటుందనీ, కడిగిన నీళ్లు పోవడానికి అడుగున రంధ్రం కూడా ఉంటుందనీ వినగానే అక్కడున్న మగవాళ్లందరి ముఖాల్లో వెలుగు వచ్చింది. అందులో ఎన్ని కల్లు కుండలు పడతాయన్న చర్చ చాలాసేపు సాగింది. దాన్ని నేను ఆపి, ఆ బండి 9.6 కిలోవాట్ల కరెంటు బయటికి ఇస్తుందనీ, ఇల్లంతా నడుపుతుందనీ, నా బండి అంత కాకపోయినా అందులో మూడో వంతు ఇస్తుందనీ చెప్పి ముగించాను. అక్కడ ముగించకుండా ఉన్నా బాగుండేది, అసలు మొదలుపెట్టకుండా ఉంటే ఇంకా బాగుండేది.

సాయంత్రం ఏడు గంటలకు గాలిదుమారం లేచింది. రెండు తాటిమట్టలు, ఒక రేకు ఎగిరిపోయాక కరెంటు పోయింది. చీకట్లో ఎవరి ముఖమూ కనబడలేదు గాని, అన్ని ముఖాలూ నా వైపే తిరిగాయని నాకు తెలుస్తూనే ఉంది.

మొదట అడిగింది అల్లం వెల్లుల్లి నూరడానికి మిక్సీకి మాత్రమే. తరువాత, మాంసం పాడవుతుందని ఫ్రిజ్. ఆ ఫ్రిజ్ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. దాని పిడికి ఎప్పుడూ ఒక పాత తువ్వాల చుట్టి ఉంటుంది. ముట్టుకుంటే కొంచెం జుమ్మంటుందనీ, చెప్పులు వేసుకొని తీయాలనీ కొత్తగా వచ్చినవారికి అత్తమ్మ చెబుతుంది. పదిహేనేండ్లుగా నేనూ చెప్పులు వేసుకొనే అందులోంచి చల్లనీళ్లు తీసుకొని తాగుతున్నాను. ఫ్రిజ్ అయ్యాక ముసలివాళ్లున్నారని ఒక కూలర్, పిల్లలున్నారని ఇంకొక కూలర్, సంపులోంచి నీళ్లు ఎక్కించడానికి అర హార్స్‌పవర్ మోటారు, ఊరంతటికీ వినబడవలసిన మైకుసెట్టు వచ్చి చేరాయి. అటు తరువాత ఇరుగింటివారు, తెల్లారితే పండుగ గనుక, తెల్లబట్టలతో, ఇస్త్రీపెట్టెలతో వరుసలో నిలబడ్డారు. ఒకేసారి మూడు ఇస్త్రీపెట్టెలు పెట్టేసరికి బండి చేతులెత్తేసి అన్నీ ఆపేసింది. అప్పుడు నేను వాకిట్లో కుర్చీ వేసుకొని, ఒక ఇస్త్రీ అయితేనే మరొకటి అని, రేషను దుకాణం మాదిరిగా చీటీలు పెట్టవలసి వచ్చింది. అల్లుడి హోదాలో వచ్చినవాడిని అర్ధరాత్రికి సబ్‌స్టేషను ఆపరేటరునయ్యాను. ఆ హోదా కూడా నాకు నచ్చిందని ఒప్పుకోవాలి.

తెల్లవారుజామున బ్యాటరీ 20 శాతానికి దిగగానే, నేను ముందే పెట్టుకున్న హద్దు ప్రకారం బండి దానం మానేసింది. ఆరు గంటలకు ఊళ్లోకి కరెంటు వచ్చింది. నేను లెక్క కట్టాను. రాత్రి బండి ధారపోసింది దాదాపు 12 యూనిట్లు, ఉన్నవి 9, ఇంటికి చేరడానికి కావలసినవి 11. అంటే ఊరికీ ఇంటికీ మధ్య తక్కువ పడినవి రెండంటే రెండు యూనిట్లు. ఫోనులో దగ్గరి చార్జర్ ఎక్కడుందో వెతికితే, అది పని చేయడం లేదని మునుపు వెళ్లినవారు రాసిపెట్టారు. అయినా నాకు దిగులు కలగలేదు. బండితోపాటు ఇచ్చిన వైరును ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే గంటకు 3 యూనిట్లు ఎక్కుతాయి. స్నానం చేసి, ఉప్మా తినేలోపు సరిపోతుంది.

ప్లగ్గు పెట్టాను. వైరు మధ్యలో ఉన్న డబ్బాలో ఎర్ర లైటు వెలిగింది. తీసి పెట్టాను. మళ్లీ ఎర్రదే.

"అల్లుడు అలుగుడు ఇన్నం గని, అల్లుని బండి అలుగుడు ఇదే సూసుడు," అన్నాడు మామ, వేపపుల్ల నములుతూ.

కరెంటు పని చేసే పిల్లవాణ్ని పిలిపించారు. అతను టెస్టరు జేబులోంచి కూడా తీయకుండా బోర్డు ఊడదీసి చూసి, "సార్, మూడో బొక్కకు వైరే లేదు," అన్నాడు. నలభై ఏండ్ల కింద ఇల్లు కట్టిన మేస్త్రీ, చూడడానికి నిండుగా ఉంటుందని మూడు రంధ్రాల ప్లగ్గు పెట్టాడే గాని, ఆ మూడో దానికి కావలసిన ఎర్తు, అంటే వస్తువు ఒంట్లోకి జారిన కరెంటును నేలలోకి దించే తీగ, ఇంటి మొత్తంలో ఎక్కడా లేదు. టీవీకీ ఫ్రిజ్‌కూ మిక్సీకీ ఆ పట్టింపు లేదు. ఎర్తు ఉన్నా లేకపోయినా అవి నడుస్తాయి. కారు చార్జర్ అట్లా కాదు. ఎర్తు ఉందో లేదో ముందు తానే చూసుకొని, లేదంటే గుక్కెడు కరెంటు కూడా ముట్టదు. ఆచారం తెలిసిన బ్రాహ్మణుడు మడి లేని నీళ్లు ముట్టడన్నట్టు.

సలహాలు మొదలయ్యాయి. బోరు మోటారు స్టార్టరుకు పెడదామని, వ్యవసాయానికి 2018 జనవరి నుంచి 24 గంటలూ కరెంటు ఉచితమే గదా అని బామ్మర్ది అన్నాడు. బత్తాయి చెట్లకిచ్చే కరెంటు కారుకు పోస్తే అది దొంగతనమవుతుందని నేనన్నాను. "కారు గూడ రైతు బావదే గద," అని అతను వాదించాడు. కరెంటు పిల్లవాడు గొంతు తగ్గించి, ఆ మూడో రంధ్రాన్ని, కరెంటు తిరిగి వెళ్లే తీగ అయిన న్యూట్రల్‌తో ఒక చిన్న ముక్క వైరుతో కలిపేస్తే చార్జరు మోసపోతుందని చెప్పాడు. చార్జరు మోసపోవడం నిజమే గాని, ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే కారు ఒంట్లోకి కరెంటు దిగుతుందనీ, తలుపు పట్టుకున్నవాడు తిరిగి వదలలేడనీ చెప్పి వద్దన్నాను. ఇన్ని నెలల చదువులో అక్కరకు వచ్చింది ఈ ఒక్క ముక్కే.

ఇక మిగిలిన దారి ఎర్తు గుంత. ఇంటి పక్కన గడ్డపారతో మొదలుపెడితే అడుగు లోతునే మొరం తగిలింది. నలుగురు మారుమారి తవ్వితే తొమ్మిది గంటలకు నాలుగున్నర అడుగులు దిగింది. పాత బోరుదొకటి ఇనుప పైపు దొరికింది. దాన్ని నిలబెట్టి, చుట్టూ ఒక వరుస బొగ్గులు, ఒక వరుస దొడ్డుప్పు పోసుకుంటూ పోవాలి. ఉప్పు తడిని పట్టి ఉంచుతుంది, తడి ఉంటేనే నేల కరెంటును గుంజుకుంటుంది. దొడ్డుప్పు అత్తమ్మ మామిడికాయ తొక్కు కోసం తెచ్చిపెట్టుకున్నదే ఒక సంచి ఉంది. ఇయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు గాని ఇచ్చింది. బొగ్గులకు కొదవ లేదు, రాత్రి మాంసం వండిన పొయ్యిలన్నీ అక్కడే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే డప్పుల మోతతో, బొడ్రాయికి పోయడానికి నీళ్ల బిందెలెత్తుకొని ఆడవాళ్లు మా వీధిలోకి వచ్చారు. పండుగనాడు, పొద్దున్నే, ఇంటి పక్కన గుంత, అందులో నిలబెట్టిన స్తంభం, దాని చుట్టూ ఉప్పు, బొగ్గులు, చేతులు కట్టుకొని నిలబడిన అల్లుడు: ఇవి చూసినవారెవరైనా ఏమనుకుంటారో వారూ అదే అనుకున్నారు. ముందు నడుస్తున్న పెద్దావిడ ఏమీ అడగకుండా సగం బిందె నీళ్లు గుంతలో పోసి దండం పెట్టింది. ఆమె పోసింది గనుక వెనుకావిడ పోసింది. ఒకరు పైపుకు పసుపు రాశారు, ఒకరు కుంకుమబొట్టు పెట్టారు, కొబ్బరికాయ కూడా పగిలింది. నేను నోరు తెరవబోతే కరెంటు పిల్లవాడు నా చెయ్యి నొక్కి, "పోయనీ సార్, ఎన్ని నీళ్లు పోస్తె అంత మంచిది," అన్నాడు.

వైరు లాగి ప్లగ్గుకు కలిపాడు. వైరు ఇంకా మిగిలితే, చేతికొచ్చింది ఎందుకు పారేయాలని ఫ్రిజ్ ప్లగ్గుకు కూడా తగిలించాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. డప్పు కొట్టేవారు ఎందుకో తెలియకుండానే గట్టిగా కొట్టారు. గంటన్నరలో నాలుగున్నర యూనిట్లు ఎక్కాయి. వేసవిలో వారానికి రెండు బిందెలు ఆ గుంతలో పోయాలని పిల్లవాడు చెబితే, పోయడమే కాదు, శుక్రవారం శుక్రవారం పసుపు కూడా పెడతానని అత్తమ్మ మాట ఇచ్చింది.

మేము 6 శాతంతో ఇల్లు చేరాము. మూడో రోజు పొద్దున్నే అత్తమ్మ ఫోను చేసింది. గొంతులో దిగులు వినబడుతున్నది.

"అల్లుడూ, నీ బండికి కరెంటు ఇచ్చిన్నాటి సంది మా ఫ్రిజ్జుకు ఏమో అయింది. ఒట్టికాళ్లతోని ముట్టుకున్నా జుమ్మంటలేదు. ఖరాబైనట్టుంది, జర ఒచ్చి సూడరాదు?"